నిండుకుంది

తిప్పమ్మ ఇంట్లో ఏదీ అయిపోదు. నిండుకుంటుంది.

బియ్యం డబ్బా అడుగు గోకుతున్నా, నూనె సీసా తలకిందులు చేస్తే చుక్క రాలకపోయినా, ఆమె నోట ‘లేదు’ అన్న మాట రాదు. “బియ్యం నిండుకున్నాయి నాయనా, అంగడికి పోయి రా” అంటుంది. ఇల్లన్నాక లేమి మాట వినబడకూడదని ఆమె పట్టుదల. తెలుగిళ్లలో చాలామంది తల్లులు అనే మాటే గానీ, తిప్పమ్మ దగ్గర అది చట్టం. చిన్నప్పుడు పంపావతి ఒకసారి “అమ్మా, ఉప్పు అయిపోయింది” అని కేకేసినందుకు నెత్తిన మొట్టికాయ పడింది. తమ్ముడు వన్నూరుస్వామికి మొట్టికాయల అవసరం రాలేదు. వాడు మాటలు నేర్చిందే తల్లి కొంగు పట్టుకుని. పెద్దయ్యాక వాడికి సెల్‌ఫోన్ ఛార్జింగు కూడా నిండుకునేది.

ఒకసారి బళ్లారి రోడ్డు మీద వాడి బండి ఆగిపోయింది. అక్కాతమ్ముళ్లిద్దరూ మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడ్డారు.

“పెట్రోలు నిండుకుందక్కా.”

“నిండుకుంటే మనం ఇట్ల యాల నిలబడినాం రా?”

“నిండుకుంది కాబట్టే గదా నిలబడినాం,” అన్నాడు వాడు, బండిని తొయ్యడానికి చొక్కా చేతులు పైకి మడుస్తూ. ఇద్దరూ నవ్వుకుంటూ బంకు దాకా తోసుకుంటూ పోయారు. ఆ నవ్వు తర్వాత్తర్వాత పంపావతికి ఎన్నిసార్లు గుర్తుకొచ్చిందో లెక్కలేదు. ఆ మాటకు అర్థం తెలియనిది కాదు ఆమె. అదే ఆమెను తినేసింది.

రాయదుర్గం దాటి కర్ణాటక సరిహద్దు వైపు పోతే అన్నీ ఎర్ర కొండలే. ఇనుప రాయి కోసం తవ్వి వదిలేసిన ఒక కొండ కడుపులో, సినిమాహాలంత గుహ ఒకటి మిగిలిపోయింది. దానికి లోపలంతా పూత వేసి, సందు లేకుండా మూసి, పెద్ద పరిశోధనశాల ఒకటి అందులో ఒక సముద్రాన్ని పెట్టింది. భూమి పసితనంలో ఉన్న సముద్రం. కాగితాల్లో దానికి పొడుగాటి పేరు ఉండేది. అక్కడ పనిచేసేవాళ్లు మాత్రం ‘తొట్టి’ అనేవాళ్లు. ఆ తొట్టికి పెద్ద పంపావతి. అందులోకి దిగి పనులు చేసేవాడు వన్నూరు. అక్క సిఫారసు చేయలేదు, వాడే పరీక్ష రాసి వచ్చాడు. నీళ్లలో, చీకట్లో, బిగువైన చోట్ల పనిచేయడం వాడికి సరదా.

మొదటిరోజు మాస్కు తగిలించుకుని, వీపున సిలిండరు మోసుకుని లోపలికి పోయిన వన్నూరు, పంపావతి గదిలో గోడకున్న స్పీకర్లోంచి అడిగాడు.

“అక్కా, నీళ్లు ఆకుపచ్చగా ఉండాయి. అప్పుడే పాచి పట్టిందా?”

“పాచి కాదురా, ఇనుము. నీళ్లలో చక్కెర మాదిరి కరిగిపోయి ఉండాది.”

“ఇనుము కరగడమేంది? తుప్పు పట్టదా?”

“పట్టాలంటే ఆక్సిజన్ కావద్దా? ఆ గాలిలో అది రవ్వంత కూడా లేదు. మాస్కు జాగ్రత్త.”

నీళ్ల అంచున రాళ్ల మీద నల్లగా, దళసరి తోలులా ఏదో పరుచుకుని ఉంది. కొండ లోలోపల, ఏ గాలీ సోకని పగుళ్లలో కాలం తెలియకుండా నిద్రపోతున్న సూక్ష్మజీవులను వెతికి తెచ్చి, పంపావతి బృందం మళ్లీ లేపిన జీవమది. ఆక్సిజన్ తగిలితే చచ్చిపోతుంది. వన్నూరు వాటికి ‘ముసలోళ్లు’ అని పేరు పెట్టాడు. రోజూ లోపలికి పోగానే “ఏం పెద్దాయనా, బాగుండారా?” అని పలకరించేవాడు. తలుపు దగ్గర కాపలా ఉండే సహాయకుడు దస్తగిరి అది విని పగలబడి నవ్వేవాడు.

కొన్ని నెలలు ముసలోళ్లను స్థిరపడనిచ్చాక, పంపావతి అసలు పని మొదలుపెట్టింది. ఆమె జీవితమంతా పోసి పెంచిన పాచి ఒకటుంది. ఎండను తిని, నీటిని చీల్చి, ఆక్సిజన్ వదిలే నీలిపచ్చ పాచి. మామూలు పాచి వేల ఏళ్లలో చేసే పనిని అది ఒక్కరోజులో చేస్తుంది. అందుకే దానికి ‘పరుగుపాచి’ అని పేరు. రేపు మరో గ్రహం మీద గాలి పుట్టించాలంటే, ఈ భూమి తన గాలిని ఎలా పుట్టించుకుందో ముందు చూడాలి కదా అన్నది ఆమె వాదన. ఆ వాదన నెగ్గడానికి ఆమెకు నల్లజుట్టు నెరిసింది.

పైన సూర్యుళ్లలాంటి దీపాలు వెలిగించి, పరుగుపాచిని నీళ్లలో వదిలారు. మరునాడు వన్నూరు కేక పెట్టాడు.

“అక్కా, లోపల వాన పడతాంది! నీళ్ల లోపల, ఎర్ర వాన!”

అది వాన కాదు, తుప్పు. పాచి వదిలిన ఆక్సిజన్ను అప్పటికప్పుడే ఇనుము పట్టేసుకుంటోంది. పట్టుకున్న ఇనుము ఎర్రటి పొడై అడుగుకు రాలుతోంది. గాలిలోకి మాత్రం ఒక్క పిసరు రావడం లేదు. 

“ఈ కొండ చూసినావు గదా, ఎర్ర చార, నల్ల చార? ఇదంతా అట్ల రాలిన తుప్పే. ఎన్ని కోట్ల ఏండ్లు రాలిందో!” అంది పంపావతి.

“అయితే గాలి ఎప్పుడు మారుతాది?”

“ఇనుమంతా తీరినాక. అప్పుడింక పట్టుకునే వాళ్లుండరు. ఒక పూటలో మారిపోతాది చూడు.”

“మరి ముసలోళ్లు?”

“పోతారు. బురదలోకి దూరి తప్పించుకున్నవాళ్లు బతుకుతారు. భూమి పసితనంలోనూ అంతే జరిగింది.”

“వాళ్ల ఇంట్లోకి మనం పాచిని తెచ్చి పెట్టి, వాళ్లనే పొమ్మంటాండాం,” అన్నాడు వన్నూరు. మామూలుగా నవ్వే గొంతు అది, ఆ రోజు నవ్వలేదు. తమ్ముణ్ణి కాస్త ఉషారు చేద్దామని ఆమె అంది, “గాలి నిండిన రోజున మొదటి ఊపిరి నీదే. నేను చెప్తాను, మాస్కు తీసి పీల్చు. ఈ లోకంలో మనిషి పుట్టించిన మొదటి గాలిని పీల్చినోడివి నువ్వే అవుతావు.”

“మాట తప్పకూడదు మళ్ల!”

“తప్పను పోరా.”

సాయంత్రాలు ఇంటి దగ్గర తిప్పమ్మ కొడుకు చొక్కాలతో కుస్తీ పట్టేది. తొట్టి లోపలి ఎర్ర బురద సబ్బుకూ లొంగదు, నిమ్మకాయకూ లొంగదు. “యేం ఉద్యోగమప్పా ఇది! చొక్కాలు, బనీన్లు, అన్నీ తుప్పే. మనిషి దగ్గర నిలబడితే పాత ఇనుప కొట్లో నిలబడినట్లుండాది” అని సణిగేది. కానీ పొద్దున వాడు గడప దాటేటప్పుడు “పోయొస్తానమ్మా” అనగానే చేస్తున్న పని వదిలేసి వాకిలి దాకా వచ్చి, “చల్లగా ఉండు నాయనా” అనేది. పోతానని వాడు ఒక్కనాడూ అనలేదు. అది కూడా తల్లి చట్టమే.

ఎర్ర వాన నానాటికీ పలచబడింది. నీళ్లలో ఆకుపచ్చ విరిగింది. ఒక పొద్దున పంపావతి గదిలో, తొట్టి గాలిలో ఆక్సిజన్ ఎంతుందో చూపే ముల్లు సున్న మీద నుంచి లేచి, ఒక్క క్షణం వణికి, మళ్లీ పడుకుంది. ఆమె గుండె కూడా దానితోపాటు లేచి పడింది. ఇంకా కొద్దిగా ఇనుము మిగిలి ఉందన్నమాట. ఇవాళో రేపో తీరుతుంది.

ఆ సంగతి తెలియగానే వన్నూరు లోపలికి పోయొస్తానన్నాడు. తొట్టి ఆ చివర లోతైన మడుగు ఒకటి ఉంది, దాని నిండా చిక్కటి నల్లబురద. గాలి నిండేలోగా ముసలోళ్లను కొందరినైనా అక్కడికి చేర్చి, పైన బురద కప్పేస్తే బతుకుతారని వాడి ఆలోచన. ప్రయోగానికి అడ్డమేమీ లేదు. పంపావతి సరేనంది. చేతిలో పట్టుకునే చిన్న ముల్లు ఒకటిచ్చి, అక్కడి గాలి కొలిచి చెప్పమంది. తన గదిలోని ముల్లు తలుపు దగ్గరి గాలినే చూపిస్తుంది, ఆ చివర ఏం జరుగుతోందో చెప్పదు.

వన్నూరు ఎంతసేపు పనిచేశాడో వాడికీ తెలియలేదు, బయటివాళ్లకూ తెలియలేదు. నల్లటి పొరలను రాళ్ల మీద నుంచి ఒలిచి, రెండు చేతుల మీద పసిబిడ్డలా మోసుకుపోయి, మడుగులో దించి, మళ్లీ వెనక్కి. చేతులు ఖాళీగా లేవు కాబట్టి చిన్న ముల్లును గట్టు మీది కొక్కేనికి తగిలించి మరిచిపోయాడు. సిలిండరు అడుగంటితే ఈల మోగాలి. ఆ ఈల నోట్లో ఎన్నాళ్లుగానో ఎర్ర బురద పట్టి, గట్టిపడి, అది మూగబోయిందని ఎవరూ చూడలేదు.

పంపావతి అప్పుడు తన గదిలో ముల్లు వైపే చూస్తోంది. అది మళ్లీ లేచింది, వణికింది. ఆమెకు కాళ్లు నేల మీద నిలవలేదు. మైకు అందుకుంది.

“వన్నూరూ! ఎట్లుండాది రా అక్కడ?”

ఆమె అడిగింది గాలి గురించి. సరిగ్గా అప్పుడే ఊపిరి బరువై, సిలిండరు గొట్టానికున్న ముల్లు చూసుకున్న వన్నూరు చెప్పింది సిలిండరు గురించి.

“నిండుకుందక్కా!”

వాడి గొంతులో కంగారు ఉంది. దాన్ని ఆమె సంబరం అనుకుంది. ఆ ఒక్క మాట కోసం ఆమె ఎన్నేళ్లుగా చెవులు రిక్కించుకుని ఉందో! బళ్లారి రోడ్డు గుర్తుకు రాలేదు, అమ్మ బియ్యం డబ్బా గుర్తుకు రాలేదు. 

“నిండిందా! నిండిందా రా! మాట తప్పను అంటి గదా. తీసెయ్ మాస్కు! మొదటి ఊపిరి నీదే!”

అటు వైపు వన్నూరు ఒక్క క్షణం ఆగి ఉంటాడు. నా సిలిండరు నిండుకున్న సమయానికే తొట్టిలో గాలి నిండింది, అక్క గదిలో ముల్లు చూసే చెబుతోంది అనుకుని ఉంటాడు. అక్క మాట మీద వాడికి ఏనాడూ అనుమానం లేదు. స్పీకర్లో మాస్కు పట్టీ ఊడిన చప్పుడు వినిపించింది. తర్వాత పెద్దగా ఊపిరి పీల్చిన చప్పుడు.

“చల్లగా ఉండాదక్కా,” అన్నాడు.

ఆక్సిజన్ లేని గాలి గొంతు నొక్కదు. ఊపిరి హాయిగా ఆడుతున్నట్టే ఉంటుంది. రెండు మూడు ఊపిర్లకు మనిషి మెదడు దీపం తీసేసినట్టు చీకటైపోతుంది. ఆ సంగతి పుస్తకాల్లో చదివి, కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేది పంపావతే. ముల్లు మళ్లీ సున్న మీద పడుకోవడం ఆమె చూసింది. పడుకున్న ముల్లును చూస్తుండగానే, బియ్యం డబ్బా, ఉప్పు, పెట్రోలు, అన్నీ ఒక్కసారిగా ఆమె మీద కూలాయి.

“కాదు! వన్నూరూ, కాదు! పెట్టుకో! దస్తగిరీ!”

దస్తగిరి మాస్కు బిగించుకుని పరుగెత్తాడు. రెండు తలుపులు దాటాలి, తొట్టి ఆ చివరి దాకా పోవాలి. భుజాన వేసుకుని తెచ్చేసరికి వన్నూరు ముఖం నిద్రపోతున్నట్టు ఉంది. చేతులు మోచేతుల దాకా నల్లటి బురద. డాక్టరు వచ్చి చేయగలిగినదంతా చేశాడు. పంపావతి తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని, బయటి గాలి ఇంత ఉంది కదా, ఆకాశమంతా ఉంది కదా, పీల్చరా అని బతిమాలింది.

తిప్పమ్మను తీసుకొచ్చారు. కొడుకు పక్కన చతికిలబడి, చొక్కా మీది ఎర్ర మరకలను బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది. చాలాసేపటికి కూతురి వైపు తిరిగింది.

“ఆఖరున ఏమన్నాడు?”

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. పంపావతికి చేతకాలేదు.

“చల్లగా ఉండాదక్కా అన్నాడమ్మా. దానికి ముందు, నిండుకుందక్కా అన్నాడు.”

“అంటే అయిపోయిందని గదమ్మా.”

“నాకు... నేను గాలి నిండింది అనుకుంటినమ్మా. మాస్కు తీసెయ్ అంటి.”

తిప్పమ్మ ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. మొట్టికాయ వేసినా పంపావతి అదృష్టం అనుకునేది. ఆ ముసలి చేయి కొడుకు చొక్కా మీద ఆగిపోయింది. “నేనే నేర్పితి ఆ మాట,” అంది, తనకే చెప్పుకుంటున్నట్టు. “వాడు అయిపోయింది అనుంటే నీకు తెలిసేది. ఆ మాట వాని నోట రానియ్యకుండ నేనే చేస్తి.”

“కాదమ్మా. నాది తప్పు.”

ఇద్దరూ ఆ తప్పు కోసం పెనుగులాడారు. ఎవరి వంతు ఎవరూ రెండోవాళ్లకు వదల్లేదు.

కర్మలన్నీ తీరాక ఒక పొద్దున పంపావతి వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. తిప్పమ్మ డబ్బాలో చేయి పెట్టింది, అడుగు గోకింది, మూత పెట్టింది.

“బియ్యం అయిపోయినాయి.”

పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంట్లో తల్లి నోట ఆ మాట అంత సూటిగా వినడం పంపావతికి అదే మొదలు. ఆ తర్వాత రోజుల్లో తిప్పమ్మ నూనె లేదంది, చింతపండు లేదంది, ఎవరైనా వచ్చి పోతుంటే పోయి రమ్మనకుండా పొమ్మంది. దాచుకునేది ఏదీ మిగలనట్టు, అన్నిటినీ వాటి అసలు పేరుతోనే పిలిచింది. పంపావతి అంగడికి పోయి బియ్యం తెచ్చి డబ్బా నింపింది. నింపుతుండగా ఏడుపు ఆగలేదు.

తొట్టిని ఎవరూ ముట్టుకోలేదు. విచారణకు వచ్చినవాళ్లు తలుపుకు సీలు వేశారు గానీ దీపాలు ఆర్పలేదు. వన్నూరు పోయిన మరునాడే ఇనుము తీరిపోయింది. గదిలోని ముల్లు లేచింది, మరి పడుకోలేదు. పైవాళ్లు ఫోన్ చేసి పరామర్శించారు, అదే ఫోనులో అభినందించారు కూడా. పంపావతి రెంటికీ ఊ కొట్టింది. విచారణ ముగిసి సీలు తీశాక, మాస్కు లేకుండా లోపలికి పోవచ్చని కాగితం వచ్చింది. ఎవరూ పోలేదు.

“మొదటి ఊపిరి ఆయనదన్నారు గదా మేడం,” అన్నాడు దస్తగిరి. “మాకు కాళ్లు రావు.”

ఆమె ఇంటికి వచ్చి తల్లి ముందు కూర్చుంది. “అమ్మా, వాడు పీల్చాల్సిన గాలి అట్లే ఉండాది. నువ్వు రా.”

తిప్పమ్మ లేచి, దండెం మీద నుంచి ఉతికిన చీర తీసుకుంది.

పంపావతి ముందు తానొక్కతే లోపలికి పోయి, చిన్న ముల్లుతో ప్రతి మూలా కొలిచింది. కొలిచిందే మళ్లీ కొలిచింది. తర్వాతే తలుపు తీసి తల్లి చేయి పట్టుకుంది. తిప్పమ్మ గడప దగ్గర నిలబడి, కళ్లు మూసుకుని, లోపలి గాలి పీల్చింది. ఆమె ముఖం ఒక్కసారిగా నలిగిపోయింది.

“వాని చొక్కా వాసన,” అంది.

ఆమె గోడ పట్టుకుని, అక్కడే నిలబడి, ఎంతసేపో ఊపిరి పీలుస్తూనే ఉంది. లోపలికి తీసుకున్నది వదలడానికి మనసొప్పనట్టు ప్రతిసారీ ఆలస్యంగా వదిలింది. పంపావతి పక్కనే నిలబడి ఏడ్చింది. ఈసారి తల్లి ఆమె తల దగ్గరికి లాక్కుంది.

నీళ్లు ఇప్పుడు తేటగా, నీలంగా ఉన్నాయి. గట్టు మీద ముసలోళ్లు తెల్లగా పాలిపోయి, పొట్టులా ఎండి రాళ్లను అంటుకుని ఉన్నారు. తిప్పమ్మ వాటిని చూసింది. కొడుకు ఇంటికొచ్చి చెప్పే కబుర్లన్నీ ఆమెకు గుర్తే.

“యాడ దాచినాడు వాళ్లను?”

పంపావతి ఆ చివరి మడుగు దగ్గరికి తీసుకెళ్లింది. ఎర్రటి పొర కింద నల్లబురద. అందులోంచి ఉండుండి ఒక చిన్న బుడగ పైకి వచ్చి, పగిలి, మళ్లీ ఇంకొకటి వస్తోంది. వన్నూరు మోసుకొచ్చి కప్పినవాళ్లు లోపల బతికే ఉన్నారు. ఒక అంచున మాత్రం వాడు కప్పడం పూర్తిచేయని చోట నల్లటి పొర కొంచెం బయటపడి, కొనలు తెల్లబారుతున్నాయి. తిప్పమ్మ చీర చెరగు దోపుకుని కూర్చుంది. రెండు చేతులా బురద తీసి ఆ అంచు మీద వేసి, పసిబిడ్డకు దుప్పటి సర్దినట్టు సర్దింది. అరచేత్తో తట్టింది.

“ఈడ, లోపల... మన గాలి ఉండాదా?” అని అడిగింది కూతురి వైపు చూడకుండా.

పంపావతి లేదమ్మా అనాలి. ఆ మాట నాలుక దాకా వచ్చి ఆగింది.

“నిండుకుందమ్మా.”

తిప్పమ్మ చేయి బురద మీద ఆగింది. అయితే లోపల లేదన్నమాట, అయితే బతుకుతారన్నమాట. ఆమె మెల్లగా తలూపింది. తుప్పు చేతులను చీరకే తుడుచుకుంది. ఆ మరక పోదని ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? మోకాలి మీద చేయి ఆన్చి లేస్తూ, ఆ బుడగల వైపు వంగి, ప్రతి పొద్దునా వాకిట్లో నిలబడి అన్నట్టే అంది.

“చల్లగా ఉండండి నాయనా. పోయొస్తాం.”